యంత్రం పేరు ఎవరికి చెప్పి మార్చాలి?

(హనుమకొండలో కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లు చూసుకునే సిబ్బంది కోసం జరిగిన ఒక రోజు శిక్షణలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని ఎత్తి రాశాం. తడబాట్లు తప్ప మరేమీ తీసివేయలేదు.)

అందరికీ నమస్కారం. ములుగు, పరకాల, నర్సంపేట, జనగామ వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవారు చాలామంది ఉన్నారు కాబట్టి ఉపోద్ఘాతం పెంచను. ఈ గంటలో నేను మాట్లాడబోయేది ఒకే ఒక్క విషయం గురించి, అదీ చూడబోతే చాలా చిన్న విషయం గురించి: కంప్యూటర్ పేరు. టెర్మినల్ తెరవగానే యూజర్ పేరు తర్వాత కనిపించేది, రూటర్ పేజీలో ఐపీ అడ్రసు పక్కన కనిపించేది, అదే హోస్ట్‌నేమ్. లినక్స్‌లో దాన్ని ఎలా మార్చాలి, ఎవరి ద్వారా మార్చాలి, ఆ దారిలోనే ఎందుకు మార్చాలి అన్నదే ఇవాళ్టి మాట. పేరు మార్చడానికి గంట ప్రసంగమా అని ముందు వరుసలో కొందరు నవ్వుకుంటున్నారు, నాకు కనిపిస్తూనే ఉన్నది. నవ్వండి, ఒకప్పుడు నేనూ నవ్వినవాడినే.

ఆ నవ్వు ఎట్లా ఆగిపోయిందో ముందు చెప్తాను. నేను ఒక కాలేజీ ల్యాబ్ చూసుకునే రోజుల్లో నలభై కొత్త యంత్రాలు వచ్చాయి. ఒకదానిలో ఉబుంటు అనే లినక్స్ ఎక్కించి, కావలసిన సాఫ్ట్‌వేరంతా పెట్టి, ఆ డిస్కును ఇమేజ్ తీసి మిగతా ముప్పై తొమ్మిదింటిలోకి క్లోన్ చేశాను. రెండు రోజుల పని ఒక పూటలో అయిపోయిందని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. ప్రాక్టికల్ పరీక్ష రోజున విద్యార్థులు రాసిన ప్రోగ్రాములన్నిటినీ ఒక చిన్న స్క్రిప్ట్ సర్వర్‌లోకి తెచ్చిపెట్టాలి. ఏ యంత్రం నుంచి వచ్చిన ఫైళ్ళు ఆ యంత్రం పేరుతో ఉన్న ఫోల్డర్‌లో పడాలి. స్క్రిప్ట్ చక్కగా నడిచింది, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. సర్వర్‌లో చూస్తే ఉన్నది ఒకే ఒక్క ఫోల్డర్. నలభై యంత్రాలకూ ఒకటే పేరు కాబట్టి, ఒకరి ఫైలు మీద ఇంకొకరి ఫైలు పడుతూ, చివరికి ఎవరు ఆలస్యంగా ముగించారో ఆ అమ్మాయి జవాబులు మాత్రమే మిగిలాయి. ఎనుమాముల మార్కెట్లో నలభై మంది రైతుల మిర్చి బస్తాల మీద ఒకే పేరు రాసి వదిలేస్తే కాంటా దగ్గర ఏమవుతుందో ఊహించుకోండి, సరిగ్గా అదే అయింది. ఒక్కో యంత్రం దగ్గరికీ పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరిగి ఫైళ్ళు తెచ్చుకున్నాం కాబట్టి ఎవరి మార్కులూ పోలేదు. తప్పు మాత్రం పూర్తిగా నాదే.

అసలు పాఠం ఆ మర్నాడు మొదలైంది. పేర్లు మార్చాలి కదా అని కూర్చుని, ఒక్కో యంత్రంలో, సెట్టింగులు దాచే ఈటీసీ డైరెక్టరీలో ఉన్న హోస్ట్‌నేమ్ అనే ఫైలును తెరిచి, పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాశాను. ఫైలులో కొత్త పేరు ఉన్నది. టెర్మినల్‌లో పాత పేరే ఉన్నది. రూటర్‌లో పాత పేరే ఉన్నది. రీబూట్ చేసిన కొన్ని యంత్రాలేమో, పూర్తి అధికారంతో కమాండ్లు నడిపే సుడో కొడితే, ఈ పేరు గల హోస్టును గుర్తించలేకపోతున్నానని గొణగడం మొదలుపెట్టాయి. రాసిన పేరు రాసినట్టే ఉంటే, మారనిది ఏమిటి? నేను ఎక్కడ తప్పాను?

మన జిల్లా సంగతి గుర్తు చేసుకుందాం. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండ జిల్లాగా మారింది. ఆ రోజు కలెక్టరేట్ గేటు ముందున్న బోర్డును ఎవరైనా పెయింటర్‌ను పిలిపించి తిరగరాయించి ఊరుకుంటే జిల్లా పేరు మారినట్టేనా? కాదు కదా. ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి, రెవెన్యూ వారికి తెలియాలి, రిజిస్ట్రేషన్ వారికి తెలియాలి, బ్యాంకులకు తెలియాలి. బోర్డు మీది రాత ఆ వరుసలో ఒకటి మాత్రమే. నేను చేసింది బోర్డు రాయడం. ఉత్తర్వు ఇచ్చే ఆఫీసు ఒకటి ఆ యంత్రంలోనే ఉన్నదని నాకు తెలియదు. ఆ ఆఫీసు పేరు సిస్టమ్‌డీ హోస్ట్‌నేమ్‌డీ.

కాస్త వెనక్కి వెళ్దాం, ఎక్కువ దూరం కాదు. యూనిక్స్ వారసత్వంలో యంత్రం పేరు కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, దాని జ్ఞాపకంలో ఉంటుంది. సెట్‌హోస్ట్‌నేమ్ అనే సిస్టమ్ కాల్ ద్వారా, అంటే కెర్నల్‌ను నేరుగా అడిగే పిలుపు ద్వారా, రూట్ అధికారం (యంత్రం మీద పూర్తి అధికారం) ఉన్న ప్రోగ్రామ్ దాన్ని మార్చగలదు. లినక్స్‌లో దాని నిడివి 64 అక్షరాలు దాటకూడదు. కరెంటు పోతే కెర్నల్ జ్ఞాపకం పోతుంది కాబట్టి, యంత్రం మళ్ళీ లేచినప్పుడు చదువుకోవడానికి ఆ పేరు డిస్కు మీద ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఆ "ఎక్కడో ఒకచోట" దగ్గరే గొడవంతా వచ్చింది. లినక్స్‌ను తమ తీరులో కూర్చి ఇచ్చే డిస్ట్రిబ్యూషన్లలో డెబియన్ వారు ఈటీసీలో హోస్ట్‌నేమ్ అనే ఫైలులో రాసేవారు. రెడ్‌హ్యాట్ వారు సిస్‌కాన్ఫిగ్ డైరెక్టరీలోని నెట్‌వర్క్ అనే ఫైలులో ఒక వరుసగా రాసేవారు. సూసే వారు అదే ఈటీసీలో, అదే పేరుగల ఫైలులోనే, కాకపోతే ఫైలు పేరును పెద్దబడి అక్షరాలలో పెట్టుకునేవారు. జెంటూ వారిది మరో చోటు. ఎవరి అలవాటు వారిది. పేరు మార్చే బటన్ ఒకటి పెట్టాలనుకున్న డెస్క్‌టాప్ ప్రోగ్రామర్ ఏం చేయాలి? ఇన్ని డిస్ట్రిబ్యూషన్ల అలవాట్లూ నేర్చుకోవాలా?

2010లో మొదలైన, యంత్రం లేచాక సర్వీసులన్నిటినీ చూసుకునే సిస్టమ్‌డీ ప్రాజెక్టు ఈ చిక్కుకు ఇచ్చిన జవాబు సూటిగా ఉన్నది: ఫైలు ఎక్కడున్నదో మీకు అనవసరం, మీరు ఒక సర్వీసును అడగండి, రాయడం దాని పని. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 తో 2014లో, డెబియన్ 8 తోనూ ఉబుంటు 15.04 తోనూ 2015లో సిస్టమ్‌డీ డిఫాల్ట్‌గా వచ్చేసింది కాబట్టి, ఇప్పుడు మీ ల్యాబ్‌లలో ఉన్న యంత్రాలలో ఈ సర్వీసు దాదాపు తప్పనిసరిగా ఉంటుంది. సిస్టమ్‌డీ మీద ఉన్న తగాదాల గురించి అడగాలనుకునేవారు టీ విరామంలో నన్ను పట్టుకోండి. ఇక్కడ మాట్లాడితే మధ్యాహ్న భోజనం కూడా ఇక్కడే చేయాల్సి వస్తుంది.

ఇప్పుడు తెర మీద చూడండి. వెనక వరుసకు కనిపిస్తున్నదా? అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేస్తాను. హోస్ట్‌నేమ్‌సీటీఎల్ అని ఒక్క మాట కొట్టాను, ఏ ఆప్షనూ ఇవ్వలేదు. మొదటి వరుసలో స్టాటిక్ హోస్ట్‌నేమ్. తర్వాత ఐకాన్ పేరు, ఛాసీ, మెషీన్ ఐడీ, బూట్ ఐడీ, ఆపరేటింగ్ సిస్టమ్, కెర్నల్ వెర్షన్, ఆర్కిటెక్చర్. ఇది ల్యాప్‌టాప్ అని ఛాసీ దగ్గర రాసి ఉన్నది చూశారా? నేను చెప్పలేదు, బయోస్ ఇచ్చిన సమాచారం చదివి అదే తెలుసుకున్నది. ఈ హోస్ట్‌నేమ్‌సీటీఎల్ అనేది సర్వీసు కాదు, సర్వీసుకు మన అర్జీ అందించే గుమాస్తా. అర్జీ వెళ్ళే దారి పేరు డీబస్. యంత్రంలోని ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి అది. ఆ దారి మీద ఈ సర్వీసుకు ఒక చిరునామా ఉన్నది: ఆర్గ్ డాట్ ఫ్రీడెస్క్‌టాప్ డాట్ హోస్ట్‌నేమ్1. చివర ఉన్న ఆ ఒకటి అంకె ఇంటర్‌ఫేస్ వెర్షన్. రేపు పద్ధతి పూర్తిగా మారితే రెండు వస్తుంది, అంతవరకు పాత అర్జీలు చెల్లుతూనే ఉంటాయి.

మూడు పేర్లు

ఈ సర్వీసు యంత్రానికి ఒక్క పేరు కాదు, మూడు పేర్లు పెట్టుకోనిస్తుంది. ఇక్కడ చాలామంది తికమక పడతారు కాబట్టి నిదానంగా చెప్తాను.

మేడారం జాతర రోజుల్లో మన బస్టాండ్ ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఒక బస్సును తీసుకోండి. దాని నంబర్ ప్లేటు మీద ఉన్న రిజిస్ట్రేషన్ నంబరు ఎప్పటికీ అదే, డిపో రికార్డులలో అదే, పోలీసు చలానాలో అదే. ఆ నాలుగు రోజులూ దాని ముందు అద్దం వెనుక "మేడారం జాతర స్పెషల్" అని ఒక బోర్డు నిలబెడతారు. జాతర ముగియగానే తీసేస్తారు. ఇక ఊళ్ళలో జనం దాన్ని "పొద్దటి ములుగు బస్సు" అని పిలుచుకుంటారు. ఆ పేరు ఏ రికార్డులోనూ చెల్లదు, అయినా దారిలో చెయ్యెత్తేవాడికి కావలసింది ఆ పేరే. నంబర్ ప్లేటు స్టాటిక్ హోస్ట్‌నేమ్. జాతర బోర్డు ట్రాన్సియెంట్ హోస్ట్‌నేమ్. జనం పిలుచుకునేది ప్రెట్టీ హోస్ట్‌నేమ్.

స్టాటిక్ పేరు మనం నిర్ణయించేది, ఈటీసీలోని హోస్ట్‌నేమ్ ఫైలులో నిలిచి ఉండేది. ట్రాన్సియెంట్ పేరు ప్రస్తుతానికి కెర్నల్‌లో ఉన్నది. స్టాటిక్ పేరు లేని యంత్రానికి ఐపీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ ఒక పేరు ఇస్తే, యంత్రంలో నెట్‌వర్క్ చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ దాన్ని తెచ్చి ఇక్కడ పెడుతుంది. స్టాటిక్ పేరు ఉన్నంతవరకు చెల్లుబాటయ్యేది దాని మాటే. రెండూ లేకపోతే డిఫాల్ట్ పేరు వస్తుంది, అది మామూలుగా లోకల్‌హోస్ట్. ఫెడోరాలో అయితే ఫెడోరా. ఇప్పుడున్న పేరు వీటిలో ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి హోస్ట్‌నేమ్ సోర్స్ అని ఒక ప్రాపర్టీ కూడా ఉన్నది. ఏ యంత్రమైనా మనం పెట్టని పేరుతో పలికితే ముందు దాన్ని అడగండి.

నేను ఆ రోజు చేసిన తప్పు ఇప్పుడు ఈ తెర మీద చేసి చూపిస్తాను. ఫైలును నేరుగా తెరిచి పేరు మార్చి సేవ్ చేశాను. మళ్ళీ హోస్ట్‌నేమ్‌సీటీఎల్. చూడండి, స్టాటిక్ హోస్ట్‌నేమ్ దగ్గర కొత్త పేరు, దాని కింద ఇంతకుముందు లేని వరుస ఒకటి వచ్చింది: ట్రాన్సియెంట్ హోస్ట్‌నేమ్, అక్కడ పాత పేరు. రెండూ ఒకటే అయినప్పుడు ఆ రెండో వరుస కనిపించదు, వేరయినప్పుడే కనిపిస్తుంది. అంటే ఏమిటి? నంబర్ ప్లేటు మార్చాను, లోపల డ్రైవరు మాత్రం పాత నంబరే చెప్తున్నాడు. రీబూట్ చేస్తే సర్దుకుంటుంది, నిజమే. పరీక్ష నడుస్తున్న ల్యాబ్‌లో రీబూట్ చేస్తారా?

దీనికి తిరగేసిన తప్పు కూడా ఒకటి ఉన్నది. పాతకాలం వాళ్ళం హోస్ట్‌నేమ్ అనే పాత కమాండుకు కొత్త పేరు ఇచ్చి ఎంటర్ కొడతాం. వెంటనే మారుతుంది, ప్రాణానికి హాయిగా ఉంటుంది. రేపు పొద్దున యంత్రం ఆన్ చేస్తే పాత పేరు తిరిగి వస్తుంది. అది కెర్నల్‌కు మాత్రమే చెప్పింది, ఫైలులో రాయలేదు. ఒకరు రాస్తే ఒకరికి తెలియదు, ఒకరికి చెప్తే రాసిపెట్టేవారు లేరు.

ఇక సరైన దారి. హోస్ట్‌నేమ్‌సీటీఎల్, ఖాళీ, హోస్ట్‌నేమ్, ఖాళీ, కొత్త పేరు. పాత వెర్షన్లలో మధ్య మాట సెట్-హోస్ట్‌నేమ్. అది ఇప్పటికీ పనిచేస్తుంది. కొట్టే ముందు పక్కన ఇంకో టెర్మినల్ తెరిచి బస్‌సీటీఎల్ మానిటర్ నడుపుతున్నాను, డీబస్ దారి మీద పోయే మాటలు దానిలో కనిపిస్తాయి. ఎడమ వైపు ఎంటర్ కొడుతున్నాను, మీరు కుడి వైపు చూడండి. అదిగో, సెట్‌స్టాటిక్‌హోస్ట్‌నేమ్ అనే మెథడ్‌ను పిలిచింది, దానితో పాటు రెండు విలువలు వెళ్ళాయి: ఒకటి పేరు, రెండోది అవునా కాదా అని ఒక బూలియన్. ఆ తర్వాత కాసేపటికి, అదిగో, ప్రాపర్టీస్‌ఛేంజ్డ్ అనే సిగ్నల్. ఆ సిగ్నలే ఉత్తర్వు. పేరు మారిందని వినవలసిన ప్రతి ప్రోగ్రాముకూ ఒకేసారి చెప్పేసింది. ఫైలులో రాసింది, కెర్నల్‌కు చెప్పింది, నలుగురికీ చాటించింది. ఫైలును చేత్తో తిద్దితే ఈ చాటింపు ఉండదు. నేను ఈ గంటలో ఇంకేమీ చెప్పకపోయినా ఈ ఒక్క తేడా పట్టుకుపోతే చాలనుకుంటాను.

ఒక చిన్న మాట, మీలో ఎవరో ఒకరు రేపు నాకు ఫోన్ చేసి అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నాను. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ కొట్టి చూస్తే హోస్ట్‌నేమ్‌డీ ఇనాక్టివ్, డెడ్ అని కనిపిస్తుంది. కంగారుపడి స్టార్ట్ చేయకండి. ఎవరైనా అర్జీ పెట్టినప్పుడు డీబస్సే దాన్ని లేపుతుంది. పని లేకుండా కాసేపు గడిస్తే అదే పడుకుంటుంది. మన ఆఫీసులలో కూడా అర్జీ వస్తేనే లేచేవారున్నారు, కాకపోతే ఇది వెంటనే లేస్తుంది.

ఆ బూలియన్ సంగతి

ఇందాక పేరుతో పాటు ఒక బూలియన్ వెళ్ళిందన్నాను. దాని పేరు ఇంటరాక్టివ్. పేరు మార్చే అధికారం అడిగినవాడికి ఉన్నదా లేదా అని సర్వీసు తనంతట తాను తేల్చదు, పోల్‌కిట్ అనే వేరే వ్యవస్థను అడుగుతుంది. పాస్‌వర్డ్ అడగవలసి వస్తే అడగవచ్చునా అన్నదే ఆ బూలియన్. తెర ముందు మనిషి కూర్చున్నప్పుడు అవును అనాలి. రాత్రి పన్నెండింటికి స్క్రిప్ట్ తనంతట తాను నడుస్తుంటే కాదు అనాలి, లేకపోతే జవాబు చెప్పే మనిషి లేని చోట పాస్‌వర్డ్ కోసం ఎదురుచూపు మిగులుతుంది.

పోల్‌కిట్ దగ్గర ఈ సర్వీసుకు వేర్వేరు అనుమతులున్నాయి, వేర్వేరుగా ఉండటమే మనకు లాభం. ట్రాన్సియెంట్ పేరుకు ఒక అనుమతి. స్టాటిక్ పేరుకూ ప్రెట్టీ పేరుకూ కలిపి ఒక అనుమతి, ఎందుకంటే ఆ రెండూ కలిసి మారాలన్నది దీన్ని రాసినవారి ఉద్దేశం. ఐకాన్, ఛాసీ, లొకేషన్, డిప్లాయ్‌మెంట్ వంటి వివరాలకు మరొకటి, దాని పేరు సెట్-మెషీన్-ఇన్‌ఫో. ఇప్పుడు ఆలోచించండి: మీ ల్యాబ్ అసిస్టెంట్ యంత్రాలను ఈ గది నుంచి ఆ గదికి మారుస్తుంటాడు. లొకేషన్ అతనే రాసుకోవాలి, పేరు మాత్రం ముట్టుకోకూడదు. అతనికి రూట్ పాస్‌వర్డ్ ఇస్తారా? ఇవ్వకండి. పోల్‌కిట్ రూల్స్ డైరెక్టరీలో నాలుగు వరుసల జావాస్క్రిప్ట్ రూలు రాసి, ల్యాబ్ సిబ్బంది గ్రూపుకు సెట్-మెషీన్-ఇన్‌ఫో ఒక్కటే ఇవ్వండి. ఫైలును చేత్తో దిద్దే పద్ధతిలో ఈ వెసులుబాటు దొరకదు. అక్కడ రూట్ అయితే అన్నీ, కాకపోతే ఏమీ లేదు.

లొకేషన్ అన్నాను కదా, దానిలో తెలుగులోనే రాయవచ్చు. "రెండో ల్యాబ్, మూడో వరుస, కిటికీ పక్కన" అని నేను రాస్తాను. ప్రెట్టీ పేరు కూడా అంతే. స్టాటిక్ పేరుకు ఆంగ్ల అక్షరాలు, అంకెలు, మధ్యలో అడ్డగీత మాత్రమే వాడాలి. 1985 నాటి ఇంటర్నెట్ నియమాల నుంచి వస్తున్న కట్టుబాటు అది, 1989లో మొదటి అక్షరంగా అంకె కూడా ఉండవచ్చని కొంచెం సడలించారు. ప్రెట్టీ పేరుకు ఆ కట్టు లేదు. అది యూటీఎఫ్-8, అంటే ఏ లిపైనా చెల్లుతుంది, ఈటీసీలోని మెషీన్-ఇన్‌ఫో అనే ఫైలులో ఉంటుంది. ఇప్పుడు ఈ ల్యాప్‌టాప్‌కు "ఓరుగల్లు పెట్టె" అని ప్రెట్టీ పేరు పెడుతున్నాను. మీ ఫోన్లలో బ్లూటూత్ తెరిచి వెతకండి. కనిపించిందా? అదిగో, తెలుగులో "ఓరుగల్లు పెట్టె". నేను బ్లూటూత్ సెట్టింగులను తాకనేలేదు. బ్లూటూత్ చూసుకునే బ్లూజీ ఈ సర్వీసు చెప్పే ప్రెట్టీ పేరును విని, తానే వాడుకుంటుంది. ఇందాకటి చాటింపు ఇంత దూరం వినిపించింది.

అయితే తెలుగువాళ్ళం ఇక్కడ ఒక గుంటలో పడతాం, నేను పడ్డాను. ఏ ఆప్షనూ ఇవ్వకుండా హోస్ట్‌నేమ్‌సీటీఎల్‌కు ఒక పేరు ఇస్తే, అది మూడు పేర్లనూ కలిపి మార్చాలని చూస్తుంది. ఇచ్చినది నియమాలకు లొంగని పేరయితే, ఉన్నది ఉన్నట్టు ప్రెట్టీ పేరుగా పెట్టుకుని, దానిలోని ఖాళీలను, ప్రత్యేక అక్షరాలను తీసివేసి, మిగిలినదాన్ని స్టాటిక్ పేరుగా పెడుతుంది. ఆంగ్లంలో అయితే ఏదో ఒకటి మిగులుతుంది. పూర్తిగా తెలుగులో ఇచ్చారనుకోండి, తీసివేయగా మిగిలేది ఏమిటి? ఏమీ ఉండదు. జల్లెడలో నీళ్ళు పోసినట్టే. అందుకని తెలుగు పేరు పెట్టేటప్పుడు ప్రెట్టీ అనే ఆప్షన్ తప్పకుండా ఇవ్వండి, స్టాటిక్ పేరు దాని దారిన అది వేరే కమాండుతో పెట్టండి. సొంతంగా సాఫ్ట్‌వేర్ రాసేవారికి ఈ ఇంటర్‌ఫేస్ డాక్యుమెంటేషన్‌లోనే ఒక సలహా ఉన్నది: వడకట్టగా ఏమీ మిగలకపోతే ఛాసీ మాటనే పేరుగా వాడుకోమన్నారు. అంటే మన "ఓరుగల్లు పెట్టె" వట్టి "ల్యాప్‌టాప్" అవుతుంది. లిపి గురించి దీన్ని రాసినవారు ఆలోచించలేదని అనను. ఆలోచించారు, కాకపోతే మన వైపు నుంచి ఆలోచించలేదు.

ఇక ల్యాబ్ పేర్ల విషయం. పొడవు గురించి ముందే చెప్పాను, కెర్నల్ 64 దాకా ఒప్పుకుంటుంది. పేర్లను ఐపీ అడ్రసులుగా మార్చే డీఎన్‌ఎస్‌లో చుక్కల మధ్య ఒక ముక్క 63 దాటకూడదు. ఇవి కాగితం మీది హద్దులు. మీ ల్యాబ్‌లో విండోస్ యంత్రాలు కూడా ఉండి, వాటితో ఫైళ్ళు సాంబా అనే ప్రోగ్రామ్ ద్వారా పంచుకుంటూ ఉంటే, విండోస్ నెట్‌వర్క్‌లో వాడే నెట్‌బయోస్ పేరు 15 అక్షరాలకు మించదు కాబట్టి అసలు హద్దు అదే. పదిహేను దాటిన పేర్లను కత్తిరిస్తే, చివర ఉన్న వరుస సంఖ్య ముందు ఎగిరిపోతుంది, నలభై యంత్రాలు మళ్ళీ ఒకటే అవుతాయి. మళ్ళీ పెన్‌డ్రైవ్! కాబట్టి గది సంఖ్య, అడ్డగీత, సీటు సంఖ్య చాలు. మనుషుల పేర్లు పెట్టకండి. హెడ్ సారు పేరు పెట్టిన యంత్రం చెడిపోయిన రోజున, ఫలానా సారు హ్యాంగ్ అయ్యారని నోటీసు రాయాల్సి వస్తుంది.

క్లోన్ చేసేవారికి ఒక హెచ్చరిక. పేరు మార్చినంత మాత్రాన క్లోన్ యంత్రాలు వేరు కావు. ఇందాక తెర మీద మెషీన్ ఐడీ అని ఒక వరుస చూశారు, అది కూడా డిస్కుతో పాటు నకలు అయిపోతుంది. సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ వాడే యంత్రాలలో, అంటే ఉబుంటు సర్వర్ వంటి వాటిలో, డీహెచ్‌సీపీ సర్వర్‌కు చూపించే గుర్తింపు ఆ ఐడీ నుంచే పుడుతుంది కాబట్టి, పేర్లు వేరైనా రెండు యంత్రాలకు ఒకే ఐపీ అడ్రసు వచ్చే ప్రమాదం ఉన్నది. ఇమేజ్ తీసే ముందు ఈటీసీలోని మెషీన్-ఐడీ ఫైలును ఖాళీ చేయండి. ఫైలును తొలగించకండి, లోపలిది మాత్రమే తీసేయండి. మొదటిసారి లేచినప్పుడు ప్రతి యంత్రం తన ఐడీ తాను పుట్టించుకుంటుంది. కొత్త సిస్టమ్‌డీ వెర్షన్లలో ఇంకో సౌకర్యం వచ్చింది: హోస్ట్‌నేమ్ ఫైలులో ప్రశ్నార్థకాలు పెడితే, ఒక్కో ప్రశ్నార్థకం స్థానంలో మెషీన్ ఐడీ నుంచి లెక్కగట్టిన ఒక్కో అక్షరం వచ్చి కూర్చుంటుంది. ఒకే ఇమేజ్ నుంచి నలభై వేర్వేరు పేర్లు వాటంతట అవే వస్తాయి. నా కాలంలో ఇది ఉంటే నేను ఇవాళ మీకు చెప్పడానికి కథ ఉండేది కాదు.

దూరంగా ఉన్న యంత్రానికి కూడా ఇదే కమాండు పనికొస్తుంది. పెద్దబడి హెచ్ ఆప్షన్‌తో యంత్రం చిరునామా ఇస్తే, ఎస్ఎస్‌హెచ్ అనే భద్రమైన దారిలో వెళ్ళి అక్కడి హోస్ట్‌నేమ్‌డీతో మాట్లాడుతుంది. కుర్చీలో నుంచి లేవకుండా నలభై యంత్రాలకు ఒక చిన్న లూపు సరిపోతుంది. కంటైనర్లకు, అంటే యంత్రం లోపల వేరుగా నడిచే చిన్న వ్యవస్థలకు, పెద్దబడి ఎం ఆప్షన్.

ఈ సర్వీసు చేయని పని కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే నన్ను తిట్టుకుంటారు. ఈటీసీలోని హోస్ట్స్ ఫైలును, చివర ఎస్ ఉన్నదాన్ని, ఇది ముట్టుకోదు. డెబియన్, ఉబుంటులలో 127.0.1.1 అనే, యంత్రం తనను తాను పిలుచుకునే అడ్రసు ఎదురుగా యంత్రం పాత పేరు రాసి ఉంటుంది. మీరు పేరు మార్చాక అక్కడ పాతదే ఉండిపోతుంది, అప్పుడే సుడో గొణుగుతుంది. ఆ ఒక్క వరుస మీరే చేత్తో మార్చుకోవాలి. ఎన్ఎస్ఎస్ మైహోస్ట్‌నేమ్ అనే మాడ్యూల్ ఉన్నచోట ఆ బాధ కూడా ఉండదు. యంత్రం తన పేరును తానే ఐపీ అడ్రసుగా విప్పుకుంటుంది.

అక్కడ మధ్యలో చెయ్యెత్తిన అన్న ఏదో అడుగుతున్నారు. గట్టిగా చెప్పండి. అందరికీ వినిపించేట్టు నేను తిరిగి చెప్తాను: ఇందాక మీరు అన్నీ సరిగ్గానే చేసి పేరు మార్చారు కదా, ఎడమ వైపు టెర్మినల్‌లో ఇంకా పాత పేరే ఎందుకు కనిపిస్తున్నది అని అడుగుతున్నారు. మంచి కన్ను అన్నా మీది. సర్వీసు తన పని చేసింది, కెర్నల్‌లో కొత్త పేరే ఉన్నది. టెర్మినల్‌లో మన కమాండ్లు అందుకునే బ్యాష్ షెల్ తాను మొదలైనప్పుడు ఒకసారి పేరు అడిగి తెలుసుకుని, మూసేదాకా దాన్నే చూపిస్తుంది. చాటింపు వినడం దానికి అలవాటు లేదు. ఇదిగో, ఈ టెర్మినల్ మూసేసి కొత్తది తెరుస్తున్నాను. ఇప్పుడు చూడండి, ఏ పేరు కనిపిస్తున్నది?